యంత్రాలకు ఐదు స్టార్లు, డ్యూటీ చార్టుకు రెండు

మా అత్తగారికి 84 ఏళ్లు. గత నెలలో స్నానాల గదిలో కాలు జారి కుడి తుంటి మీద పడ్డారు. విజయవాడ సూర్యారావుపేటలో ఎముకల డాక్టరుగారు చూసి, తుంటికి ఎక్స్‌రే రాసి, అందులో తేలకపోతే సి.టి. కూడా తీయించమని చెప్పి, పక్క వీధిలోని స్కానింగ్ సెంటర్‌కు పంపించారు. నెల రోజుల్లో ఆ సెంటర్ మెట్లు మూడుసార్లు ఎక్కవలసి వచ్చింది. రాత్రిపూట ఒకసారి, పగటిపూట ఒకసారి, మళ్ళీ సాయంత్రం ఒకసారి వెళ్ళడం వల్ల ఆ సెంటర్ అన్ని వేళల్లో ఎలా నడుస్తుందో చూసే అవకాశం దొరికింది. పేరు మాత్రం రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం యజమాని దుర్బుద్ధి వల్ల వచ్చినది కాదు, ఎక్స్‌రేలు, స్కాన్‌లు తీసే మా వృత్తిలో నలభై ఏళ్లుగా జరుగుతూ వస్తున్న మార్పులో భాగం. పేరు రాస్తే పాఠకులు ఆ ఒక్క సెంటర్‌ను తిట్టుకుని, పక్కదానికి వెళ్ళి అదే పద్ధతిని డబ్బిచ్చి మరీ కొనుక్కుంటారు.

నేను 1986 నుంచి 2019 వరకు గుంటూరు జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేడియోగ్రాఫర్‌గా పనిచేశాను. అందువల్ల స్కానింగ్ సెంటర్‌లోకి అడుగుపెట్టగానే నా కన్ను సోఫాల మీద గానీ చేపల తొట్టి మీద గానీ ఆగదు. ఎక్స్‌రే గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటుంది. ఈ సమీక్ష కూడా ఆ లెక్క గురించే.

సదుపాయాల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే వాటిలో వంక పెట్టేందుకు పెద్దగా ఏమీ లేదు. లిఫ్టు స్ట్రెచర్ పట్టేంత వెడల్పుగా ఉంది. వీల్‌చెయిర్ అడగకుండానే తెచ్చారు. ధరల పట్టిక కౌంటర్ పక్కన తెలుగులోనే ఉంది. బిల్లులో పట్టికలో లేని అంకె ఒక్కటీ కనిపించలేదు. గర్భస్థ శిశువు లింగం చెప్పబోమన్న బోర్డు, ఎక్స్‌రే యంత్రాలకు అనుమతిచ్చే అణుశక్తి నియంత్రణ మండలి (ఎ.ఈ.ఆర్.బి.) లైసెన్సు ఫ్రేము, రెండూ గోడ మీద కనిపించేలా ఉన్నాయి. డిజిటల్ ఎక్స్‌రే, 128 స్లైసుల సి.టి., 1.5 టెస్లా ఎం.ఆర్.ఐ. ఉన్నాయి. జగ్గయ్యపేట, నందిగామ, తిరువూరు, గుడివాడల నుంచి వచ్చినవాళ్లు ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పార్కింగ్ మాత్రం లేదు. సూర్యారావుపేటలో అది ఏ సెంటర్‌కూ తప్పు కింద రాయలేము.

మొదటిసారి మేము వెళ్ళేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఎక్స్‌రే గదిలో ఒక్క అమ్మాయి ఉంది. పాతికేళ్లుంటాయేమో. సత్తెనపల్లి దగ్గర ఊరట. ఆ అమ్మాయి చేసిన పనిని కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే మంచి రేడియోగ్రాఫర్ అంటే ఏమిటో బయటివాళ్లకు కనిపించే సందర్భాలు తక్కువ. పెల్విస్, అంటే కటి ఎముకల ఎక్స్‌రే తీసేటప్పుడు మామూలుగా రెండు పాదాలనూ ఓ పదిహేను డిగ్రీలు లోపలికి తిప్పి పెడతాము, అప్పుడే తొడ ఎముక మెడ పూర్తి పొడవుతో పడుతుంది. పడిపోయి వచ్చిన మనిషికి అలా తిప్పకూడదు, ఎముక విరిగి ఉంటే ఆ తిప్పడంతో అది పక్కకు జరిగిపోవచ్చు. తొందరలో ఉన్న కుర్రవాళ్లు చేతి అలవాటు కొద్దీ తిప్పేస్తారు. ఈ అమ్మాయి తిప్పలేదు. "మామ్మగారూ, కాలు ఎలా ఉంటే నొప్పి తక్కువో అలాగే ఉంచండి, నేనే అటూ ఇటూ జరుగుతాను" అని, టేబుల్‌నూ ట్యూబునూ సర్దుకుంది. పక్క నుంచి తీసే లేటరల్ కోసం బాగున్న ఎడమ కాలును పైకెత్తి పట్టుకోవాలి, కిరణం దాని కింది నుంచి అడ్డంగా పోవాలి. ఆ కాలు పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి, ఆ గదిలో రెండో మనిషి లేరు.

"ఆంటీ, మీరు కాస్త పట్టుకుంటారా?" అని అడిగి, సీసపు ఏప్రాన్ తెచ్చి నాకు తొడిగింది. ఆ ఏప్రాన్ కుర్చీ మీద నాలుగు మడతలు పెట్టి ఉండగా తీసింది. లోపలి పొరలో సీసం ఉన్న ఏప్రాన్‌ను మడిస్తే మడత దగ్గర పగుళ్లు పడతాయి, ఆ పగుళ్లలోంచి కిరణాలు దూరతాయి. అందుకే దాన్ని హ్యాంగర్‌కు వేలాడదీయాలి. ఈ సంగతి ఆ అమ్మాయికి తెలియక కాదు. హ్యాంగర్ ఏదని అడిగితే విరిగిందని, చెప్పి రెండు నెలలైందని అన్నది. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను లెక్కగట్టే టి.ఎల్.డి. బ్యాడ్జి మాత్రం తన ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర, పెట్టుకోవలసిన చోటే పెట్టుకుంది. దాన్ని చూసి నాకు ముచ్చటేసింది. నా సర్వీసులో సగం మంది మగవాళ్లు బ్యాడ్జిని టేబుల్ సొరుగులో భద్రంగా దాచి, మూడు నెలలకోసారి రీడింగుకు పంపించేవారు. ఆ సొరుగు ఎంత రేడియేషన్ తిన్నదో లెక్క వచ్చేది గానీ, మనిషి తిన్నది తెలిసేది కాదు. మన దేశంలో ఈ పని చేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదని పరిమితి ఉంది. బ్యాడ్జి ఒంటి మీద లేనివాడికి ఆ పరిమితి ఉన్నా లేనట్టే.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఒక్క ఎక్స్‌రే గదికి నలుగురం ఉండేవాళ్లం. యంత్రం దగ్గర రేడియోగ్రాఫర్, చీకటి గదిలో డార్క్ రూమ్ అసిస్టెంట్, రోగిని ఎత్తి దించడానికి అటెండరు, పేర్లు రాసి కవర్లు కట్టే మరొక మనిషి. ఎర్ర బల్బు వెలుతురులో ఫిల్మును హ్యాంగర్‌కు తగిలించి, డెవలపర్‌లో ముంచి, కడిగి, ఫిక్సర్‌లో వేసి, మళ్ళీ కడిగి ఆరబెట్టేవారు. గుంటూరు మే నెలలో డెవలపర్ వేడెక్కి ఫిల్ములు నల్లబడిపోతాయని తొట్టి చుట్టూ ఐసు గడ్డలు పేర్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ తరువాత ఆటోమేటిక్ ప్రాసెసర్ వచ్చింది, డార్క్ రూమ్ అసిస్టెంటుకు పని సగమైంది. ఫిల్ము కడిగే పని లేకుండా బొమ్మను కంప్యూటర్‌కు ఎక్కించే సి.ఆర్. క్యాసెట్లు వచ్చాయి, ఆ పోస్టే అక్కర్లేకుండా పోయింది. ఇప్పుడు క్యాసెట్ కూడా అక్కర్లేని డి.ఆర్. ప్యానెల్ మీద బొమ్మ కొన్ని సెకన్లలో తెర మీదికి వస్తోంది. ప్రతి కొత్త యంత్రమూ ఒక మనిషి పనిని తగ్గించింది, నిజమే. అయితే అలా మిగిలిన సమయం రోగి దగ్గరికి రాలేదు, తరువాతి టోకెన్‌కు పోయింది. యంత్రం చేయలేని పని, అంటే ముసలి మనిషిని నొప్పి పుట్టకుండా జరపడం, కాలెత్తి పట్టుకోవడం, ఊపిరి ఎప్పుడు బిగపట్టాలో అర్థమయ్యేలా చెప్పడం, 1986లో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. దాన్ని చేసే చేతులే ఎనిమిది నుంచి రెండుకు దిగాయి.

డిజిటల్ వచ్చాక ఇంకో మార్పు కూడా జరిగింది, దాని గురించి బయట ఎవరూ మాట్లాడరు. ఫిల్ము కాలంలో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్ము నల్లగా మాడినట్టు వచ్చి మన తప్పును అందరికీ చూపించేది. రీటేక్ తీస్తే ఫిల్ము వృథా అయిందని రిజిస్టరులో రాసి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువైనా కంప్యూటర్ సర్ది చక్కని బొమ్మనే చూపిస్తుంది, తక్కువైతేనే చుక్కలు చుక్కలుగా వస్తుంది. కాబట్టి తలకు మించిన పనిలో ఉన్న మనిషి దేనికైనా మంచిదని రెండు మెట్లు ఎక్కువే పెడతాడు, తప్పు వస్తే మీట నొక్కి చెరిపేసి మళ్ళీ తీస్తాడు. చెరిపేసిన బొమ్మకు ఖర్చు లేదు గనుక లెక్కా ఉండదు.

ఆ రాత్రి ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు స్పష్టంగా కనిపించలేదు. సి.టి. తీయాలన్నారు. సి.టి. గది బయట నలభై నిమిషాలు కూర్చున్నాము. కారణం అడిగితే టెక్నీషియన్ వస్తారన్నారు. వచ్చింది ఆ అమ్మాయే. రాత్రి ఎనిమిది దాటాక ఎక్స్‌రేకూ సి.టి.కీ ఆమె ఒక్కతే. పైన సి.టి.లో మనిషిని పడుకోబెట్టగానే కింద ఎక్స్‌రే దగ్గర బెల్లు మోగుతుంది. మధ్యలో ఎవరికో కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా పడటానికి ఎక్కించే మందు) ఇవ్వాలంటే మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ఉందో లేదో చూడాలి, ఇచ్చాక ఒంటికి దద్దుర్లు వస్తున్నాయేమో కనిపెట్టుకుని ఉండాలి. అంత చేసి కూడా సి.టి. చాలా బాగా తీసింది. ఎముకల డాక్టరుగారికి కావలసినది దొరికింది. కటి ముందు భాగంలోని ప్యూబిక్ రేమస్ అనే ఎముక దగ్గర చిన్న పగులు, ఆపరేషన్ అక్కర్లేదు, విశ్రాంతి చాలన్నారు. ఇంతవరకు సెంటర్‌కు నా మార్కులు పూర్తిగా ఇచ్చేదాన్ని.

చిక్కు వచ్చింది ఛాతీ ఎక్స్‌రే దగ్గర. మంచం మీద ఉన్న పది రోజుల్లో అత్తగారికి దగ్గు పట్టింది. రెండోసారి పగటిపూట వెళ్ళాము. డ్యూటీ చార్టు ప్రకారం పగలు ఎక్స్‌రేకు ఇద్దరు ఉండాలి. ఒకరు సెలవు, రెండోవారిని ఎం.ఆర్.ఐ.కి పంపారు. గదిలో ఉన్నది డి.ఎం.ఐ.టి. అనే ఇమేజింగ్ డిప్లొమా చదువుతూ శిక్షణకు వచ్చిన కుర్రవాడు, వాడి వెనుక ఎవరూ లేరు. అత్తగారు నిలబడలేరు గనుక కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనుక ప్యానెల్ పెట్టి, ముందు నుంచి తీశాడు. అది తప్పు కాదు, మరో దారి లేదు. నేను తలుపు బయట ఉన్నాను. లోపలికి వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది, కానీ మన పాత గొప్పలు కుర్రవాడి దగ్గర ఎందుకని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నా పొరపాటు.

నిలబెట్టి వెనుక నుంచి తీసే ఎక్స్‌రేలో ట్యూబు ఆరడుగుల దూరంలో ఉంటుంది, గుండె ప్లేటుకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి గుండె ఇంచుమించు దాని అసలు పరిమాణంలోనే పడుతుంది. కూర్చోబెట్టి ముందు నుంచి తీస్తే దూరం తగ్గుతుంది, రొమ్ము వైపున ఉండే గుండె ప్లేటుకు దూరమవుతుంది, దీపానికి దగ్గరగా పెట్టిన చేతి నీడలాగా పెద్దదిగా పడుతుంది. అందుకే బొమ్మ మీద "ఏ.పి., సిట్టింగ్", అంటే ముందు నుంచి, కూర్చోబెట్టి తీసినదని తప్పనిసరిగా రాయాలి. ఆ కుర్రవాడు రాయలేదు. బొమ్మ నెట్ ద్వారా వేరే ఊళ్ళో ఉన్న రేడియాలజిస్టుకు, అంటే బొమ్మ చూసి రిపోర్టు రాసే డాక్టరుకు వెళ్ళింది. ఆయన ముందు ఉన్నది బొమ్మ ఒక్కటే, కుర్చీ కనిపించదు. గుండె పెద్దదైందని రిపోర్టు వచ్చింది. మా వారు ఆ కాగితం పట్టుకుని రాత్రంతా నిద్రపోలేదు. మర్నాడు గుండె డాక్టరు దగ్గర ఎకో (గుండె స్కాన్) తీయిస్తే, వయసుకు తగ్గట్టు గుండె నిక్షేపంగా ఉందన్నారు. రెండు పదాలు రాయకపోవడానికి మేము కట్టిన ఖరీదు ఒక ఎకో, ఒక రాత్రి నిద్ర, ఆటోలో కుదుపులకు ఆవిడ పడ్డ నొప్పి.

మేనేజరుగారితో మాట్లాడాను. మర్యాదగా విన్నారు, ఎక్స్‌రే డబ్బులు తిరిగి ఇస్తామన్నారు. నాకు డబ్బులు అక్కర్లేదు, ఆ కుర్రవాణ్ణి ఒంటరిగా ఎందుకు వదిలారో చెప్పమన్నాను. "మనుషులు దొరకడం లేదండీ, దొరికినా నిలవడం లేదు" అన్నారు. ఆ మాటలో సగం నిజముంది.

మా రోజుల్లో సి.ఆర్.ఏ. అనే సర్టిఫికెట్ చదువుతో ఈ పనిలోకి వచ్చేవాళ్లం. నా బ్యాచ్‌లో ఆడవాళ్లం ఇద్దరమే. రేడియేషన్ దగ్గర ఆడపిల్లకు ఉద్యోగమేమిటని మా నాన్నగారు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. తరువాత డి.ఎం.ఐ.టి. డిప్లొమా వచ్చింది, ఆ తరువాత బి.ఎస్సీ. ఇమేజింగ్ కోర్సులు వచ్చాయి. ఆ సత్తెనపల్లి అమ్మాయి బి.ఎస్సీ. చేసింది, తన తరగతిలో ఆడపిల్లలే ఎక్కువట. చదువు పెరిగింది, ఆడపిల్లలు పెరిగారు. ఆడ రోగులకు ఇది ఎంత మేలో వేరే చెప్పనక్కర్లేదు. యంత్రాలూ పెరిగాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఆపరేషన్ అనుమతికి స్కాన్ కాపీలు పంపవలసి రావడంతో ఒకప్పుడు పెద్ద ఊళ్ళకే పరిమితమైన పరీక్షలు మామూలు ఇళ్లలోకి వచ్చాయి. 2020, 2021లలో కోవిడ్ వచ్చినప్పుడు ఛాతీ సి.టి. కోసం విజయవాడ సెంటర్ల ముందు బారులు తీరారు. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు ఇరవై ఐదుకు ఎంత వచ్చిందన్నది వీధి అరుగుల మీద మాటైంది. ఆ రోజుల్లో పి.పి.ఇ. కిట్లలో చెమటతో తడిసిపోతూ రోగిని తాకి పడుకోబెట్టింది రేడియోగ్రాఫర్లే. పేరు మాత్రం వైద్యులకూ నర్సులకూ దక్కింది. నాకు తెలిసిన ఇద్దరు పిల్లలు ఆ తరువాతే ఈ పని వదిలేశారు.

మిగతావాళ్లు ఎక్కడికి పోతున్నారంటే, ముందుగా గల్ఫ్‌కు. అక్కడి ఉద్యోగాలకు కావలసిన ప్రోమెట్రిక్ పరీక్ష రాసి వెళ్ళేవాళ్లు మా కాలం చివర్లోనే ఉన్నారు. ఇప్పుడు బ్రిటన్ కూడా. అక్కడ రేడియోగ్రాఫర్ల కొరత ఎంత పాతదంటే, ఆ ప్రభుత్వం చాలా ఏళ్లపాటు ఈ వృత్తిని కొరత వృత్తుల జాబితాలో ఉంచింది. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడొకడు అక్కడ పనిచేస్తున్నాడు. అక్కడ రేడియోగ్రాఫర్ల సంఘం 1920 నాటిది, రిజిస్టర్‌లో పేరు లేనివారు ఆ వృత్తి పేరు వాడుకోవడమే నేరం. 1980లలో అనుమానమున్న ఫిల్ము మీద రేడియోగ్రాఫరే ఎర్ర చుక్క అంటించి క్యాజువాలిటీ డాక్టరును హెచ్చరించే పద్ధతి అక్కడ మొదలైంది. అది పెరిగి పెరిగి, తగిన శిక్షణ పొందిన రేడియోగ్రాఫర్లే ఎక్స్‌రే రిపోర్టులు రాసే స్థాయికి వచ్చింది. మన దగ్గర రిపోర్టు రాసే పని రేడియాలజిస్టుదే, గర్భిణుల అల్ట్రాసౌండ్‌కైతే లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం ఉంది, దాని అవసరం మన సమాజానికి ఉంది కూడా. నేను అడిగేది రిపోర్టు రాసే హక్కు కాదు, బొమ్మ మీద చుక్క పెట్టి మాట చెప్పగలిగే స్థానం. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తులకు చట్టం చేసి, రేడియాలజీ, ఇమేజింగ్ రంగాలను అందులో చేర్చి, రిజిస్టర్ ఉండాలన్నది. నా సర్వీసంతా అలాంటి దేశవ్యాప్త రిజిస్టర్ లేకుండానే గడిచింది.

మేనేజరుగారు చెప్పని రెండో సగం ఏమిటంటే, దొరికిన మనుషులు నిలవకపోవడానికి ఆ చార్టే ఒక కారణం. రాత్రంతా రెండు అంతస్తుల మధ్య పరుగెత్తిన అమ్మాయి రెండేళ్ల అనుభవం సర్టిఫికెట్ చేతికి రాగానే పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్తుంది. ఆమె ఖాళీ చేసిన చోట శిక్షణకు వచ్చిన కుర్రవాడు ఒంటరిగా నిలబడతాడు. ఆ సెంటర్ గోడ మీద కొత్త సి.టి. యంత్రం ఫొటో నిలువెత్తున ఉంది. దాన్ని నడిపేవారి పేర్లు గానీ, వారి చదువు గానీ ఎక్కడా లేవు. డాక్టర్ల పేర్లు మాత్రం బోర్డు మీద వరసగా ఉన్నాయి.

ఈ సెంటర్‌కు వెళ్ళవచ్చా అంటే వెళ్ళవచ్చు, బొమ్మ నాణ్యత బాగుంది, ధర దాచలేదు. వీలైతే ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు వెళ్ళండి, చార్టు పూర్తిగా నిండేది అప్పుడే. నిలబడలేని పెద్దవారికి ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే, కూర్చోబెట్టి తీసినట్టు బొమ్మ మీద రాశారో లేదో గది దాటకముందే చూసుకోండి. లోపల పట్టుకోమని అడిగితే ఏప్రాన్ ఇమ్మనండి. కడుపుతో ఉన్నవారు మాత్రం ఎంత దగ్గరి బంధువైనా పట్టుకోవడానికి వెళ్ళకండి. యంత్రాలకు ఐదు, శుభ్రతకు నాలుగు, ఆ అమ్మాయికి ఐదు, డ్యూటీ చార్టుకు రెండు ఇస్తున్నాను. ఆ రెండులో ఒకటి మేనేజరుగారి మర్యాదకు.

మూడోసారి వెళ్ళింది తుంటి పగులు ఎంతవరకు అతుక్కుందో చూడటానికి. సాయంత్రం ఏడున్నరకు వెళ్ళాము, బయటపడేసరికి ఎనిమిదిన్నర. గోడకు కొత్త హ్యాంగర్ బిగించారు, రెండు ఏప్రాన్లు మడత లేకుండా వేలాడుతున్నాయి. కుర్రవాడు నన్ను గుర్తుపట్టి, అడగకుండానే తెర మీది బొమ్మ చూపించాడు. కుడి వైపు మార్కర్, తేదీ, "సిట్టింగ్ కాదు, పడుకోబెట్టి" అని నోట్, అన్నీ ఉన్నాయి. మేము లిఫ్టు దగ్గరకు వచ్చేసరికి పైన బెల్లు మోగింది. సత్తెనపల్లి అమ్మాయి చేతిలో ఎవరిదో క్రియాటినిన్ రిపోర్టు పట్టుకుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీదుగా పైకి పరుగెత్తింది.